అవ్వ హీటరు, నా కెర్నెల్

ఆ రోజుల్లో నాకు నోరు ఎక్కువ, అనుభవం తక్కువ. ఇప్పుడు అనుభవం కాస్త పెరిగింది (నోటి సంగతి మా ఆయన్ను అడగండి). చదువు కాగానే హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో కెర్నెల్ పని దొరికింది. కెర్నెల్ అంటే కంప్యూటర్లో అన్నిటికన్నా అడుగున ఉండి, పైనున్న ప్రోగ్రాములన్నిటికీ పని పంచిపెట్టే పెద్దమనిషి. అందులో ఫైళ్లను డిస్కు మీద సర్దే భాగం మా జట్టుది. బెల్లంపల్లి బొగ్గు బాయిలో పనిచేసే మా బాపుకు ఇదంతా విడమరిచి చెబితే, ‘అడుగున’ అన్న ఒక్క మాట పట్టుకుని, “నా బిడ్డది గూడ అండర్‌గ్రౌండ్ డ్యూటీనే” అని కాలనీ అంతా చెప్పుకొచ్చాడు.

ఆ డ్యూటీకే ముప్పొచ్చింది. మా సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్ల మిషన్లు కొన్ని ఒకసారి ఆగిపోతే మళ్లీ లేవడం లేదు. లేచి డిస్కు తెరవబోయే క్షణంలో కెర్నెల్ కుప్పకూలుతోంది. మా ఆఫీసులో మాత్రం ఎన్నిసార్లు ప్రయత్నించినా ఒక్కసారీ కూలలేదు. ఆ భాగంలో కొత్తగా చెయ్యి పెట్టింది నేనే కాబట్టి వేళ్లన్నీ నా వైపే తిరిగాయి. పాత కోడంతా రాసిన సీనియర్‌ను మేం చాటుగా ‘అసంభవం సారు’ అనేవాళ్లం. తప్పు మీ పాత కోడ్‌లో ఉండొచ్చు కదా అని ఎవరడిగినా ఆయన జవాబు ఆ ఒక్క మాటే. నెలాఖరులోగా కారణం తేల్చకపోతే నా ఉద్యోగం ఖాయం కాదని మేనేజరు మెత్తగా చెప్పారు (మెత్తగా చెప్పేవాళ్లంటే నాకు అప్పటి నుంచే భయం).

సరిగ్గా అప్పుడే బాపుకు కంటి ఆపరేషన్. సెలవు అడిగితే, మిషన్ కూడా వెంట తీసుకుపొమ్మన్నారు. టెస్టు కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి, పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని రైల్లో ఇల్లు చేరాను.

మా క్వార్టర్ల సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. కరెంటు బొగ్గు కంపెనీ ఉచితంగా ఇచ్చేదే కాబట్టి అక్కడ ఇంటింటా కాయిల్ హీటర్ల మీదే వంట. వైర్లు మాత్రం మా బాపు కన్నా పాతవి. హీటరుతో పాటు ఇంకేది నడిచినా ఫ్యూజు ఎగిరిపోతుంది. అందుకే హీటరు పెట్టే ముందు ఇంట్లో ఉన్న ప్లగ్గులన్నీ పీకాలన్నది మా అవ్వ (మా వైపు అమ్మను అవ్వ అంటాం) చట్టం. స్విచ్ ఆపితే ఆమెకు నమ్మకం లేదు, పీకాల్సిందే. మర్నాడు నా టెస్టు వేల ఫైళ్లు రాస్తూ చెరిపేస్తూ జోరు మీదుండగా, అవ్వ పప్పు గిన్నెతో వచ్చి ఒక్క గుంజు గుంజింది. నేను ఇల్లెగిరిపోయేలా అరిచాను. కంప్యూటర్‌ను పద్ధతిగా, చెప్పి ఆపాలని ఉపన్యాసం ఇచ్చాను.

“చెప్పి పండవెట్టుటానికి గదేమన్న పసిపిల్లనా? పప్పు ఉడకాలె గద. నీ డబ్బకు ఆకలైతదా?” అని అవ్వ వంటింట్లోకి పోయింది.

పప్పు దిగాక ప్లగ్గు పెట్టాను. మిషన్ లేచింది, డిస్కు దాకా వచ్చింది, ఢామ్మని కూలింది. తెరనిండా ఆఫీసులో ఎవరికీ దొరకని అదే క్రాషు. గంతేయబోయి ఆగాను, ఒక్కసారి కూలితే రుజువు కాదు. టెస్టు డిస్కును తుడిచి, మళ్లీ నడిపి ఈసారి నేనే పీకాను. కూలలేదు. ఇంకోసారి పీకినా అంతే. తీరా చూస్తే నా చెయ్యి, చదువు నేర్పిన మర్యాద కొద్దీ, డిస్కు లైటు ఆరేదాకా ఆగి మరీ పీకుతోంది. ఆఫీసులో అందరి చేతులూ అంత మర్యాద గలవే. కనికరం లేని చెయ్యి ఆ ఇంట్లో ఒక్కటే ఉంది. సిగ్గు విడిచి వంటింట్లోకి వెళ్లాను.

“అవ్వా, జర ఇంకోసారి వచ్చి పీకవా?”

“పీకితె లొల్లి, పీకకపోతే లొల్లి. నీకు అత్తయ్యేటామె ఎవలో గని, ఆమెకు ఇప్పటి సంది దండం పెడుతున్న” అంటూనే వచ్చింది. ఆ మధ్యాహ్నమంతా నేను నడపడం, ఆమె గుంజడం. పోనుపోను సరదా పుట్టి, నేను అడగకముందే గుంజసాగింది. చూడ్డానికొచ్చిన పక్క క్వార్టరామె, మీ బిడ్డ ఏం కొలువు చేస్తుందని అడిగితే, కంటికి కట్టుతో మంచమ్మీదున్న బాపు, “చూస్తలేవా? ఖరాబు చేసుడే” అన్నాడు.

సాయంత్రానికి గుట్టు దొరికింది. ఒక ప్రోగ్రాము తెరిచి ఉంచుకున్న ఫైలును ఇంకొకరు చెరిపేస్తే, కెర్నెల్ వెంటనే పారెయ్యదు, వాడకం అయ్యేదాకా పక్కన పెడుతుంది. పద్ధతిగా ఆపితే అన్నీ శుభ్రం చేసుకునే ఆగుతుంది. మధ్యలో కరెంటు పోతే మాత్రం ఆ మిగిలిపోయిన ఫైళ్లను మళ్లీ లేచాక తుడవాలి. మా కెర్నెల్, చీపురు ఇంకా చేతికి రాకముందే ఊడవబోయి బోర్లా పడుతోంది. కోడ్‌లో ఆ వరసలు రాసింది నేను కాదు. నేను చేరకముందు నుంచే ఉన్నాయి.

ఎస్టీడీ బూత్‌ నుంచి అసంభవం సారుకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

“ప్లగ్గు ఎవరు పీకారు?”

“మా అవ్వండి.”

“ఎందుకు?”

“పప్పు కోసమండి.”

ఆయన అసంభవం అనలేదు. సరిచేసి పంపమన్నారు, అంతే. బూత్ బయటికొచ్చి ఎన్నాళ్లకో నిండుగా ఊపిరి తీసుకున్నాను. నెలాఖరుకు ఉద్యోగం ఖాయమైంది. ఫోన్ చేసిన రాత్రి చల్లారిన పప్పు తిన్నంత ఇష్టంగా నేను మళ్లీ ఏ విందులోనూ తినలేదు.

ఇప్పుడు నాకూ ఒక కూతురుంది, నా నోరే వచ్చింది. మొన్న గదిలోంచి గట్టిగా అడిగింది, “అమ్మా, నా చార్జర్ మళ్లీ పీకావా? ఈ ఫ్లాట్‌లో ఒక్కసారైనా ఫ్యూజు పోయిందా?” పోలేదు. పప్పు ఉడకాలి కదా అన్నాను. పప్పు ఇంకా డబ్బాలోనే ఉంది.