బొమ్మలు లేని జాతర పుస్తకం

మా వీధిలో ఈ వారం నాతో మాట్లాడుతున్నది కరెంటు మీటరు చూసే ఆయన ఒక్కడే. ఆయనకు తెలుగు రాదు. ఏం జరిగిందో చెబుతాను, మీరు టీ తాగుతూ ఉండండి.

ఈ ఏడు మా పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో అమ్మవారి జాతర లేదు. దేశం సైన్యం చేతిలోకి పోయింది, రోడ్డు చివర సైనికుల లారీ ఉంది, నలుగురు గుమిగూడితే ప్రశ్నలు. జాతర లేకపోతే పోనీ, ఇంటింటికీ పుస్తకమైనా వెళ్లాలని తేల్చాడు కమిటీ పెద్ద ఊ అప్పల్రాజు. ఇక్కడ బర్మాలో పెద్దవాళ్ల పేరుకు ముందు మగవాళ్లకైతే 'ఊ', ఆడవాళ్లకైతే 'దో' తగిలించడం మర్యాద. ఆయనకు పేరుకన్నా ఆ 'ఊ' అంటేనే ఇష్టం.

"పారోతీ, నీకు కంప్యూటరు వచ్చు గదా. పెద్దల ఫోటోలన్నీ ఎయ్యి. నాది మొదటి పేజీలో ఎయ్యి" అన్నాడు.

నేను వాడేది లాటెక్. మనం కమాండ్లు రాస్తే అది పేజీలు కట్టిపెడుతుంది. అక్షరాలు చెప్పిన మాట వింటాయి. ఫోటోలు మాత్రం మా కమిటీ సభ్యుల్లాంటివి, ఖాళీ ఎక్కడుంటే అక్కడ కూర్చుంటాయి. అప్పల్రాజు మొదటి పేజీ వదిలేసి ప్రసాదాల పేజీలో పులిహోర పక్కన తేలాడు! ఉపాయం వెతుకుదామంటే ఇంటర్నెట్ కోసేశారు. పైగా ఫోటోల బరువుకి నా పాత కంప్యూటర్ మూలుగుతోంది. అందుకని ఫైలు పైన 'డ్రాఫ్ట్' అని ఒక్క మాట చేర్చాను. అలా చేస్తే ఫోటో బదులు అంతే సైజులో ఖాళీ డబ్బా, అందులో ఆ ఫోటో ఫైలు పేరు కనిపిస్తాయి. పని చకచకా సాగింది. అప్పల్రాజు డబ్బా మొదటి పేజీకి చేరింది.

కర్ఫ్యూకి ముందే ప్రింటింగ్ షాపు మూసేస్తారని పెన్‌డ్రైవ్ పట్టుకుని పరుగెత్తాను. 'డ్రాఫ్ట్' తీసేయడం మరిచాను.

మా వీధిలో ప్రతి బాల్కనీ నుంచీ ఒక తాడు వేలాడుతుంది. కింద క్లిప్పు, పైన గంట. మర్నాడు అచ్చయి వచ్చిన కట్ట విప్పి, పుస్తకాలు క్లిప్పులకు తగిలించి గంటలు మోగించాను. తాళ్లన్నీ పైకి వెళ్లిపోయాక నా ప్రతి తెరిచాను. ఒక్క ముఖమూ లేదు! అన్నీ డబ్బాలే, డబ్బాల్లో నేను పెట్టిన ఫైలు పేర్లు. ఎవరి ఫోటో ఏదో నాకు గుర్తుండాలి కదండీ!

మా పిల్లలకు తెలుగు లిపి రాదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మాత్రం గడగడా చదువుతారు.

"తాతా, నీ బొమ్మ లేదు" అంది పైనుంచి అప్పల్రాజు మనవరాలు. "'రంగేసిన_మీసం' అని ఉంది."

ఎదుటి బాల్కనీలోకి దో నూకాలమ్మ వచ్చింది. "ఒలే పారోతీ! నాను ఆగని రేడియోనా? ఎవులే ఇది రాసినది?"

ఏ సందులో సైనికులున్నారో చెప్పేదీ, బియ్యం అయిపోతే ఇచ్చేదీ ఈ రోజుల్లో వీళ్లే. వీళ్లు కాదంటే నాకెవరు?

"నాకేటి తెలుసు పిన్నీ! కంప్యూటరు దానంతటదే పేర్లు పెట్టేసుకుంటది."

అప్పల్రాజు మెత్తబడ్డాడు. "మిషను గదా, దానికి మర్యాదేటి తెలుస్తాది?"

హమ్మయ్య అనుకున్నాను. అంతలో నూకాలమ్మ ఆఖరి పేజీ తిప్పింది. కూర్పు చేసినవాళ్ల ఫోటో ఉండాల్సిన పేజీ.

"మరి మిషనుకి నీ ఒక్కర్తి మీదే ఇంత పేమేటే?" అని వీధంతా వినేలా చదివింది. "'అందగత్తె, సన్నగా చేసినది!'"

డబ్బా మాత్రం నిజంగానే సన్నగా వచ్చింది.