మామ ముందు చూడదగినవి

బొంబాయి కామాటిపురలోని మా తెలుగు గ్రంథాలయానికి రెండు గదులు. ముందు గదిలో పుస్తకాలు, పత్రికలు, రెండు బెంచీలు. వెనక గదిలో ఒక ఇనుప బీరువా, దాని నిండా సినిమా డిస్కులు. సొంతూళ్లకు పోయినప్పుడు కొనుక్కొచ్చినవాళ్లు, చాల్‌లోని అద్దె గది ఖాళీ చేస్తూ బరువు వదిలించుకున్నవాళ్లు ఇచ్చినవే అన్నీ. వాటిని హీరోలవారీగా సర్దేవారు, ఒక్కొక్క హీరోకు ఒక్కొక్క అర. ముఖాన్ని బట్టి కథను గుర్తుపట్టడం కూడా ఒక రకం విగ్రహారాధనేనని నేను వార్షిక సభలో అన్నాను. ఎవరూ కాదనలేదు, ఎవరూ పట్టించుకోనూ లేదు.

అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాక ఆ బీరువా తలుపు తీసేవాళ్లు తగ్గిపోయారు. ఒక వేసవిలో కమిటీ తేల్చేసింది. దసరా దాకా చూస్తారు. అప్పటికీ డిస్కులు కదలకపోతే పాత సామాన్లు కొనే భంగార్‌వాడికి వేసేసి, వెనక గదిని ఎవరికైనా గోదాముగా ఇచ్చేస్తారు. ముందు గదిని సభ్యులే వంతులవారీగా పొద్దున కాసేపు తెరుస్తారు. అంటే గ్రంథాలయం చూసుకునే ఆమెతో ఇక పని ఉండదు. ఆమె భర్త గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర ఒక దుకాణంలో పనిచేసి, మోకాళ్లు అరిగిపోయి ఇంట్లో కూర్చున్నాడు. ఆ ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది.

ఆమె నా దగ్గరికి వచ్చింది. "సారు, సభల మస్తు మాట్లాడ్తరు గదా. ఈ బీరువా కదిలే ఉపాయం గూడ ఏమన్న చెప్పుండ్రి."

కథ ఏ రకమో చూసి సర్దుదామన్నాను. పౌరాణికం, జానపదం, సాంఘికం, హాస్యం, నేర పరిశోధన. హీరోలను అరల నుంచి దింపడం నాకు బాగానే అనిపించింది. అట్టముక్కల మీద పేర్లు నేనే రాశాను. ఒక నాగదేవత సినిమాను జానపదంలో పెడుతుంటే ఆమె నా చెయ్యి ఆపింది.

"దేవుని సిన్మా అది. మాంత్రికుని పక్కకు పెడ్తరా?"

"ఇద్దరూ గాల్లోనే ఎగురుతారు కదమ్మా."

"మాట్లాడుడుల మిమ్మల్ని గెలుస్తమా" అని ఆమె ఊరుకుంది. మర్నాడు వెళ్లేసరికి ఆ డిస్కు పై అరలో, పౌరాణికాల మధ్య ఉంది. నేనూ చూడనట్టే ఊరుకున్నాను.

కొత్త అమరిక చూడడానికి కొంతమంది వచ్చారు. అట్టలు చదివారు, వెళ్లిపోయారు. తీసుకువెళ్లిన కొద్దిమందిలో ఒక కోడలు పిల్ల ఉంది. పాలమూరు నుంచి పెళ్లి చేసుకుని వచ్చి, మా వెనక గల్లీలోని చాల్‌లో ఉండేది. రెండో రోజే డిస్కు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"కాకా, ఇది సాంఘికమని రాసింది మీరేనా?"

"నేనే. వితంతువు పెళ్లి గురించి తీసిన మంచి సినిమా."

"పెండ్లయినంక వానల పాట ఉన్నది, చూసిండ్రా? మా ఇంట్ల అప్పుడే మామ మంచం మీద కూసున్నడు. నేను లేచి, వండిన అన్నమే మళ్ల వండిన. మామ క్యాలెండర్ దిక్కు చూస్తున్నడు. మా ఆయన ఎన్నడు లేంది పొయ్యి కాడికొచ్చి కూర కలుపుతుండు."

గ్రంథాలయం ఆమె నవ్వింది. నేను నవ్వలేదు. మామ కూర్చున్నాడని కోడలు ఎందుకు లేవాలి, పాట నచ్చకపోతే ఆయన్నే లేవమనాల్సింది అన్నాను.

"లేచి ఏడికి పోతడు కాకా? తలుపు తీస్తే ఆడోళ్లు నీళ్లు పట్టే నల్లానే ఉన్నది."

మా ఇళ్లన్నీ ఒక్క ఖోలీ ఇళ్లే, వంటా పడకా ఆ ఒక్క గదిలోనే. ఫోన్లో ఎవరి సినిమా వాళ్లది, టీవీలో పెడితే అందరిదీ. అందుకే డిస్కు తీసుకోబోయేవాళ్లు కథ ఏ రకమో అడగరు, ఎవరి ముందు చూడొచ్చో అడుగుతారు.

ఆ సాయంత్రమే గ్రంథాలయం ఆమె రెండు అట్టలు కావాలంది. 'మామ ముందు చూడదగినవి' అని ఒకటి. 'మామ ముందు చూడరానివి' అని ఒకటి. నేను ఒప్పుకోలేదు. కోడలి అణకువను ప్రజల బీరువా మీద రాసి పెట్టడమేమిటన్నాను. చాలాసేపే వాదించాను.

"మీ అట్టలు గూడ ఉండనీయుండ్రి. దసరా అయినంక గివి పీకేద్దురు. అప్పటిదాంక నా నౌకరి నిలవడనీయుండ్రి."

చివరికి ఒక షరతు పెట్టాను. రెండో అట్ట మీద 'మామ బయటికి వెళ్లినప్పుడు' అని రాయాలి. లేచేది ఆయన కావాలి. సరేనంది. ఏ సినిమా ఎటు పోవాలో ఆమే విడదీసింది.

మొదటి అర త్వరలోనే సగం ఖాళీ అయింది. రెండో అరలోవి నవ్వుకుంటూ తీసుకుపోయేవాళ్లు గాని చూడకుండానే తిరిగి తెచ్చేవాళ్లు. మామలు బయటికి వెళ్లరు కదా.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక ముసలాయన వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఆ కోడలు పిల్ల మామ. పత్రిక తెరిచి ఒకే పేజీ పట్టుకుని ఉన్నాడు.

"ఏం తాతా, ఇయ్యాల తొవ్వ తప్పి వచ్చినవా?" అంది గ్రంథాలయం ఆమె.

"ఇంట్ల సిన్మా ఉన్నదట. నేను చూసేది కాదట. అయిపోయేదాంక ఈడ కూసొమ్మన్నది. చాయ్ పోసి మరీ పంపింది."

"ఏం సిన్మా?"

"అడగరాదని అడగలె."

తర్వాతి ఆదివారాల్లో ఇంకొందరు మామలు వచ్చారు. మొదట ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. తర్వాత ఎన్నికల గురించి, నల్లా నీళ్ల గురించి గొడవపడడం మొదలుపెట్టారు. బెంచీలు చాలక స్టూళ్లు తెప్పించాల్సి వచ్చింది. వర్షాలు తగ్గే వేళకు కమిటీ అధ్యక్షుడే ఒకనాడు వచ్చి గోడ పక్కన కూర్చున్నాడు.

"మీ ఇంట్ల గూడనా?" అని ఎవరో అడిగారు.

"పేపర్ చదవనీయవయ్యా" అన్నాడాయన.

దసరా ముందు సమావేశంలో ఒక సభ్యుడు భంగార్ మాట ఎత్తాడు. అధ్యక్షుడు బీరువాను ఇప్పుడు కదపొద్దన్నాడు. ఆదివారం కూడా గ్రంథాలయం తెరిచి ఉండాలి, ముందు గదిలో ఇంకో ఫ్యాను వేయించాలి అన్నాడు. ఆమె ఉద్యోగం ప్రస్తావన రానేలేదు. తెరవడానికి మనిషి కావాలి కదా, ఉండిపోయింది.

నా అభిప్రాయం మారలేదు. ముసలివాడు గదిలోంచి లేచిపోయినంత మాత్రాన కోడలు స్వతంత్రురాలు కాదు, ఆయన తిరిగి వచ్చేలోపల టీవీ ఆపేస్తుంది. పండగ వెళ్లాక ఒక ఆదివారం గ్రంథాలయం ఆమెకు ఒప్పందం గుర్తుచేసి, ఆ రెండు అట్టలు తీసేద్దామన్నాను. ఆమె బీరువా వైపు చూడలేదు. ముందు గదిలో, ఫ్యాను కింద చోటు కోసం తగువు పడుతున్న వాళ్లవైపు గడ్డం ఎత్తి చూపింది.

"పీకుండ్రి సారు. మళ్ల వీళ్లు లేచి ఏడికి పోతరో గూడ మీరే చెప్పుండ్రి."