వరండాలో చదువుకున్న మస్తాన్‌బీ

నిన్న పొద్దున ఏడు గంటలకి ఫోన్. మస్తాన్‌బీ కూతురు ఫాతిమా.

"పిన్నీ, అమ్మ పోయింది" అంది. అంతే.

మొన్న ఆదివారమే గంటసేపు మాట్లాడింది. బీపీ మాత్రలు సరిగ్గా వేసుకోవట్లేదని నన్ను తిట్టింది. తిట్టిన మనిషి వెళ్లిపోయింది. తిట్లు తిన్నదాన్ని ఫోన్ పట్టుకుని ఇక్కడ కూర్చున్నాను.

మార్టూరులో వాళ్లింటికి వెళ్లాను. జనాజా ఇంట్లోంచి బయల్దేరే దాకా ఉన్నాను.

ఏడుపు అయిపోయింది. ఇప్పుడు కోపం మిగిలింది. అదే రాస్తాను. మర్యాదగా రాయమని ఎవరూ నాకు చెప్పొద్దు.

అరవైల మొదట్లో మాట. మా ఊరి హైస్కూల్లో మేమిద్దరం ఎస్సెస్సెల్సీ. ఆ ఏడాది సగంలో మా హెడ్మాస్టర్ గారికి జ్ఞానోదయమై యూనిఫాం పెట్టారు. ఆడపిల్లలకి నీలం పరికిణీ, తెల్ల వాయిల్ ఓణీ. మిల్లు గుడ్డే అయి ఉండాలి.

ప్రార్థన దగ్గర పెద్ద లెక్చర్ ఇచ్చారు. ఉన్నవాళ్లు, లేనివాళ్లు అనే తేడా కనిపించకూడదట. సమానత్వమట.

ఆ సమానత్వం స్కూలు కమిటీ ప్రెసిడెంట్ గారి బావమరిది బట్టల కొట్లో మాత్రమే దొరికేది.

చుట్టూ కనుచూపు మేర పత్తి చేలు. ఆ పత్తిని ఏకేది మస్తాన్‌బీ వాళ్ల నాన్న. రాట్నం మీద నూలు వడికేది వాళ్లమ్మ. ఊళ్లో ఉన్నది ఒకే మగ్గం, సాంబయ్య తాతది. ఆయన నేసిన గుడ్డ ఎక్కడున్నా తెలిసిపోయేది. అంచులో ఒకే ఒక్క ఎర్ర పోగు వేసేవాడు. అది ఆయన గుర్తు.

మిల్లు గుడ్డ కొనే తాహతు లేక, ఇంటి నూలుతో ఆయన దగ్గర నేయించిన ఓణీ వేసుకొచ్చింది మస్తాన్‌బీ. ఎంత నీలిమందు పెట్టి ఉతికినా దానిది మీగడ రంగే.

"గోనెపట్టా కప్పుకొచ్చావేంటే" అన్నారు హెడ్మాస్టర్ గారు, క్లాసందరి ముందు.

మేం నవ్వాం. అవును, నేను కూడా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ మహానుభావుడు ఖద్దరు తప్ప ఇంకోటి కట్టేవారు కాదు. మన ఊరి పత్తి, మన ఊరి నూలు అని మీటింగుల్లో గుండెలు చరుచుకునేవారు.

మస్తాన్‌బీ తల దించలేదు. ఓణీ అంచు చేతిలోకి తీసుకుని ఆయనకి చూపించింది.

"మీ కండువా, నా ఓణీ ఒకే తానులోవండి. మా అమ్మే వడికింది. అంచు చూసుకోండి సార్."

ఆయన కిందికి చూసుకున్నారు. ఎర్ర పోగు ఉంది.

సిగ్గుపడి పిల్లని కూర్చోమంటారనుకున్నాం. పిచ్చివాళ్లం. యూనిఫాం ఉంటేనే లోపలికి రమ్మని బయటికి పంపేశారు. మర్నాడు ఆయన మాత్రం మిల్లు కండువా వేసుకొచ్చారు.

ఇంతకంటే నీచమైన పరిష్కారం నేను ఈ డెబ్భై ఎనిమిదేళ్లలో చూడలేదు.

వాళ్ల నాన్న వచ్చి బతిమాలాడు. రూలు రూలే అన్నారు. పరీక్షలకి ఇంకా మూడు నెలలు. ఇక చదువు చాలు, మిరప కోతలకి రమ్మన్నారు ఇంట్లో. అప్పుడు మానేస్తే ఆ పిల్ల చదువు అంతటితో సరి.

మానలేదు. బడికొచ్చింది, క్లాసులోకి మాత్రం రాలేదు. వరండాలో కిటికీ కింద పుస్తకాలు పరుచుకుని కూర్చుంది. హెడ్మాస్టర్ గారు వచ్చి ఇక్కడేం పని అని గద్దించారు.

"రూలు క్లాసుకే కదండీ. వరండాకి లేదుగా."

ఆయన గిరుక్కున తిరిగి వెళ్లిపోయారు, వరండాకీ ఓ రూలు పెట్టొచ్చని తోచలేదు. బుర్ర ఉంటే కదా.

మా క్లాస్ టీచర్ లెక్కల మాస్టారు. ఆయన బోర్డుని కిటికీ వైపు తిప్పించారు. కిటికీలోంచి పేరు పిలిచి రోజూ హాజరు వేశారు. ఆ స్కూల్లో మనిషి అనదగ్గవారు ఆయనొక్కరే.

నేనా?

నేను ఆ కిటికీ పక్కనే కూర్చునేదాన్ని. మూడు నెలల్లో ఒక్క రోజు కూడా లేచి వెళ్లి మస్తాన్‌బీ పక్కన కూర్చోలేదు. వరండా అంతా దుమ్ము. నా వాయిల్ ఓణీ మాసిపోతుందని భయం. హెడ్మాస్టర్‌ని తిట్టే అర్హత నాకెంతుందో నాకు తెలుసు. అయినా తిడతాను.

పరీక్ష సెంటర్ వేరే ఊళ్లో పడింది. అక్కడ హాల్ టికెట్ అడిగారు గానీ, ఓణీ ఏ మిల్లుదని ఎవరూ అడగలేదు.

పాసైంది. నాకంటే మంచి మార్కులతో. ట్రైనింగ్ చేసి, వేటపాలెం వైపు ముప్పై ఏళ్లు టీచర్‌గా పనిచేసింది. వానాకాలంలో యూనిఫాం ఆరక రంగు గౌన్లు వేసుకొచ్చిన పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టేదట. ఫాతిమా చెప్పింది.

నిన్న సాయంత్రం మా స్కూలు పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూప్‌లో పోస్ట్ పెట్టారు. "మన పాఠశాల తీర్చిదిద్దిన ఆణిముత్యం" అట. దండలు, దీపాలు, చేతులు జోడించిన బొమ్మలు.

ఏం తీర్చిదిద్దారయ్యా మీరు? బయటికి గెంటడం తప్ప?

మా బ్యాచ్ ఫోటో ఉంటే పంపమని నన్నడిగారు. అందులో ఆమె చుట్టూ సున్నా చుట్టి పెడతారట.

తీసి చూశాను. అందులో మస్తాన్‌బీ లేదు.

ఫోటో రోజు యూనిఫాం లేనివాళ్లని పక్కకి తప్పుకోమన్నారు. తప్పుకోవాల్సింది అదొక్కతే. వెళ్లి ఫోటోగ్రాఫర్ వెనకాల, కాస్త పక్కగా నిలబడింది.

అరవై ఏళ్లుగా నా దగ్గరున్న ఫోటో. నిన్ననే సరిగ్గా చూశాను. ఒక్కరి చూపు కూడా కెమెరా మీద లేదు. అందరం ఆ వెనకాల నిలబడ్డ మస్తాన్‌బీనే చూస్తున్నాం.

హెడ్మాస్టర్ గారితో సహా.

వెళ్లిరా మస్తానూ. ఆ దేవుడి గుమ్మం దగ్గర నిన్నెవరూ ఆపకూడదు. లోపలికెళ్లి చల్లగా, నిమ్మళంగా కూర్చో తల్లీ.