గాజుల గీత

మొన్న ఆదివారం మా మనవడు వాకిట్లో తన కారుకు మెరుగు పెట్టడానికి ఒక డబ్బా మూత తీశాడు. మైనం, టర్పెంటైన్ కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నేను కోవిల్‌పట్టిలో ఈ ఇంటి అరుగు మీద లేను. మా ఊళ్ళో, కారు నిలిపే పత్తికొట్టులో, గాజులు తీసేసి, గోళ్ళు కత్తిరించుకుని, మా నైన ముందు రెండు చేతులూ చాపి నిలబడి ఉన్నాను.

అది తెల్లదొరల కాలం. మదురలో ఒక దొర సీమకు తిరిగిపోతూ అమ్మిన కారును నైన కొన్నప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. పండుమిరప రంగు. తలుపు ముందు నిలబడితే మన పళ్ళు కూడా లెక్కపెట్టుకోవచ్చు, నేనూ మా రంగక్కా అదే ఆటగా ఆడుకునేవాళ్ళం. మా నైన కోపిష్టి కాదు, పిసినారి అసలే కాదు. ఆ రంగు దగ్గర మాత్రం ఆయనకు పిచ్చి. రేగడి దుమ్ములో సున్నపురాయి నలుసులుంటాయని, పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయని, తాగే నీళ్ళకే మైలు నడిచే ఊళ్ళో రోజూ ఆ కారుకు నాలుగు కడవలు పోయించేవాడు. తర్వాత డ్రైవరు సామేలు మైనం కరిగించి పెడితే, మేం అక్కచెల్లెళ్ళం మెత్తటి ఫ్లానెల్ గుడ్డలతో అది అద్దమయ్యేదాకా రుద్దేవాళ్ళం. మా గాజులు మా చేతులకన్నా ఆ కొట్టు గూట్లోనే ఎక్కువ ఉండేవి. ఆయుధపూజ నాడు పొరి బొరుగులు, బెల్లం, ఉడికించిన సెనగలు ముందు పెట్టి ఏరునాగలికీ బండికీ గంధం మెత్తినా, కారుకు మాత్రం అద్దం మీద ఒక్క కుంకుమ బొట్టే. గంధం ఎండి రంగును లాగేస్తుందట. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని అమ్మ గొణుక్కుంటూ ఆ ఒక్క బొట్టే పెట్టేది.

అన్నిటికన్నా వింత మా బండిదారి. ఊరి నుంచి పెద్దరోడ్డుకు రెండు మైళ్ళు, ఇరుపక్కలా తుమ్మకంప కంచెలు, ఎద్దులబండి పట్టేంత సందు. కారు బయటికి తీయాలంటే, కంప సర్దే పంగలకర్రలు పట్టుకుని ఇద్దరు మనుషులు ముందు నడిచి ఒక్కొక్క కొమ్మనూ ఎత్తి పట్టుకోవాలి, వాళ్ళ వెనక కారు శవయాత్రలాగా కదలాలి. పిల్లలం సజ్జ అటుకులు నములుతూ నడిచి దానికన్నా ముందే రోడ్డెక్కి, నవ్వుతూ దానికోసం కాచుకునేవాళ్ళం. అంత దూరం దేశాలు దాటి వచ్చిన యంత్రం మా కంపల మధ్య ఎద్దుకన్నా మెల్లగా నడవడం మాకు గొప్ప వేడుక.

నాకు పదకొండేళ్ళప్పుడు రంగక్కకు ఏడో నెలలో అత్తగారింట గాజులు తొడిగి, తొలికాన్పుకు మా ఇంటికి పంపారు. రెండు చేతులకూ మోచేతి దాకా గాజులు, పచ్చవీ ఎర్రవీ కలిపి, కానుపయ్యేదాకా తీయకూడదు. కారు ఎక్కించే ముందు నైన తన తలగుడ్డ విప్పి, చించి, ఆ రెండు చేతులకూ చుట్టాడు. "నైనా, పత్తిమూట కట్టినట్టు కడతాండావే" అని అక్క నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

పంగుని నెల, ఎండలు మొదలై పత్తి ఏరే రోజులు. ఊరంతా చేలల్లో ఉంది. తెల్లవారి మొదలైన నొప్పులు పొద్దెక్కినా తెమలలేదు; బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులు కడిగేసుకుంది. "నా సేత కాదు. కోవిల్‌పట్టి ఆసుపత్రికి ఎత్తకపోండి" అంది. నైన కారు వాకిట్లోకి తీయించాడు. అక్కను నడిపించి తెచ్చాం. కర్రల మనుషులిద్దరూ దూరపు చేలో ఉన్నారు, వాళ్ళకోసం ఒకణ్ణి పరిగెత్తించారు.

"రెండు మైలే సామీ, కంప గీరితే గీరనీండి," అన్నాడు సామేలు.

"ఇదో వస్తాండారు. కొంచెం ఉండు," అన్నాడు నైన. ఆయన రాయి కాదు. చేతిలో ఉన్న ఫ్లానెల్ గుడ్డతోనే అక్క నుదురు తుడుస్తున్నాడు. అక్క లోపల కూర్చోలేక కారు వెనక తలుపును పట్టుకుని వంగి నిలబడింది. వాళ్ళు వచ్చేసరికి ఎండ నడినెత్తి మీదికి వచ్చింది.

వచ్చినవాళ్ళు అలవాటుగా కర్రలు తీసుకుని ముందు నడిచారు. సామేలు అలవాటుగా వాళ్ళ వెనక నడిపాడు. కొమ్మ తరవాత కొమ్మ, ఎప్పటిలాగే. కొమ్మలు వదిలేసి కారు పోనీమని నైనకు నోరు రాలేదు, లోపల అక్క తలను ఒళ్ళో పెట్టుకున్న అమ్మకూ రాలేదు, కారు పక్కన నడుస్తున్న నాకూ రాలేదు. కోవిల్‌పట్టి రైలుగేటు చేరకముందే అక్క పోయింది. కడుపులో బిడ్డా పోయింది.

కారు మీద ఒక్క ముల్లు కూడా గీసుకోలేదు.

పదకొండో రోజు, అక్క పోయాక మొదటిసారి కారు కడుగుతూ సామేలు ఆగిపోయాడు. వెనక తలుపు మీద, పిడి కింద, నాలుగు వేళ్ళ పొడుగున ఒక వంకర గీత. కింద వాకిట్లో పచ్చగాజు ముక్క. నైన వచ్చి చూశాడు. "అక్కడ మైనం పెట్టొద్దు" అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత రోజూ పొద్దున కొట్టులోకి వెళ్ళి ఆ తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చునేవాడు. అక్కకు ఫోటో లేదు. ఆమె చేతి గుర్తుగా మిగిలింది అదొక్కటే. మూడేళ్ళకు వానలు లేక కారు విరుదునగర్ వర్తకుడికి అమ్ముడుపోయింది. ఆయన మంచివాడు, కారంతా కొత్త రంగు కొట్టించానని సంతోషంగా కబురు పంపాడు. ఆ రోజు నైన అన్నం ముట్టలేదు. ఆ తర్వాత మళ్ళీ అక్క పేరు ఎత్తలేదు.

ఇప్పుడు ఆ కంచెలు లేవు, ఆ దారి తారురోడ్డు. మా ఊరి నుంచి ఆసుపత్రికి పావుగంట. పంగలకర్ర అంటే ఈ పిల్లలకు తెలియదు, మన తెలుగు మాటే సగం తెలియదు. మొన్న ఆ వాసన పీల్చుకుంటూ నేను లేచి, తూలి, మనవడి కారు తలుపు పట్టుకున్నాను. వాడు తల ఎత్తకుండా రుద్దుకుంటూనే, "అవ్వా, గాజులు తగలకుండా చూసుకో" అన్నాడు.

నా చేతులకు గాజులు లేక పదేళ్ళయింది. అయినా చెయ్యి తీసేశాను.