రెండు దేశాల నేరాల లెక్కలో నేను

కామారెడ్డి బస్టాండు దగ్గర నేను చాయ్ చేసే హోటల్లో పొద్దున పూట ఒక పక్క పాలు పొంగుతుంటాయి, ఒక పక్క మనుషులు పొంగుతుంటారు. పాల కింద మంట తగ్గించడం నా చేతిలో పని. మనుషుల కింద తగ్గించడం ఎవరి వల్లా కాదు. ఎవరో ఒకరు ఫోన్ తెరిచి, ఫలానా దేశంలో నేరాలు ఇన్నే, మన దేశంలో చూడు ఎన్నో అని చదువుతారు. చదివి, తల ఎత్తి నా వైపు చూస్తారు. గల్ఫుకు పోయి వచ్చినవాళ్ళు మా జిల్లాలో ఏ వీధిలో రాయి విసిరినా తగులుతారు గానీ, అక్కడి పోలీసుల గదిలో ఒక రాత్రి కూర్చుని వచ్చినవాణ్ణి ఆ బెంచీలకు నేనొక్కణ్ణే. ఆ కథ నేనే నవ్వుతూ అందరికీ చెప్పుకున్నాను. దాంతో రెండు దేశాల నేరాల మీద తీర్పు చెప్పే పని చాయ్‌తో పాటు నా మీద పడింది. ఏడో తరగతిలో నేను బడిని వదిలేశాను. బడి కూడా నా కోసం పెద్దగా వెతకలేదు. అయినా ఈ పనికి ఆ చదువు చాలు.

రోజూ వచ్చే ఒక సారు ఉన్నాడు, ఏదో ఆఫీసులో ఉద్యోగం. ఒకరోజు ఆయన ఒక దేశం పేరు చెప్పి, అంత చదువుకున్న దేశంలో మనకంటే ఎక్కువ దొంగతనాలట అని ఆశ్చర్యపోయాడు. మన దగ్గర తక్కువ జరిగి తక్కువ ఉన్నాయా, తక్కువ రాసి తక్కువ ఉన్నాయా అని అడిగాను. బెంచీ మీదివాళ్ళు నవ్వారు. సారు నవ్వలేదు. ఆ లెక్క కిందనే చిన్న అక్షరాల్లో అదే మాట ఉందని చదివి వినిపించాడు. ఒక్కో దేశం ఒక్కో తీరుగా రాసుకుంటుంది, కొన్ని చోట్ల జనం ఠాణాకే పోరు, అందుకని రెండు దేశాలను పక్కపక్కన పెట్టి చూడొద్దట.

చూడొద్దంటే ఎలా? రెండు చోట్లా దొంగననిపించుకున్నవాణ్ణి నేను. నాకు నేనే పక్కన కూర్చోవలసిన మనిషిని.

అక్కడిది ముందు చెబుతాను, అది చిన్నది. నేను ఒక కంపెనీ గోదాములో సామాను మోసేవాణ్ణి. ఒకరోజు కరెంటు వైరు చుట్టలు కొన్ని కనిపించలేదు. పోలీసులు వచ్చి ఆ పూట డ్యూటీలో ఉన్నవాళ్ళందరినీ ఎక్కించుకుపోయారు. వేలిముద్రలు తీసుకున్నారు, పేరు రాసుకున్నారు, హిందీ వచ్చిన ఒకాయనను పిలిపించి ఎక్కడున్నావు, ఏం చేశావు అని అడిగారు. నా జీవితంలో నేను చెప్పిందంతా ఒకరు కూర్చుని రాసుకోవడం అదే మొదలు. భయం ఉంది గానీ, ఆ మర్యాదకు కొంచెం ముచ్చట కూడా వేసింది. మర్నాటి సాయంత్రానికి తేలిందేమిటంటే, ఆ చుట్టలు పొరపాటున వేరే సైటు లారీలో పోయాయి. నీ మీద ఏమీ లేదు, పో అన్నారు. గదికి వస్తే నాతో ఉండేవాళ్ళు కోడి కూర వండి, "దొంగ వచ్చిండు, గిన్నెలు లెక్కవెట్టుకోండ్రి" అని నవ్వారు. రెండు రోజులు ఆ పేరుతో పిలిచి మరిచిపోయారు.

అది స్వర్గం అని నేను అననులెండి. మా పాస్‌పోర్టులు కంపెనీ బీరువాలో ఉండేవి, అడిగితే ఇచ్చేవారు కాదు. ఆ బీరువా ఆ దేశం నేరాల లెక్కలోకి వచ్చేదో రాదో నాకు తెలియదు. కానీ వైరు చుట్టల సంగతి మాత్రం రాశారు, విచారించారు, కేసు కొట్టేశారు.

ఇక్కడిది అలా కాదు.

నాకు ఇల్లు అంటే ఎల్లారెడ్డి దగ్గర మా అన్న ఇల్లే. అమ్మా బాపూ పోయారు. పెళ్ళి సంగతి నేను గల్ఫులో ఉండగా వాయిదా పడీ పడీ చివరికి తప్పుకుంది. కామారెడ్డిలో హోటల్ వెనక నాకో గది ఉంది గానీ, దాన్ని గది అనే అంటాను. సెలవు దొరికితే ఆటో ఎక్కి అన్న ఇంటికి పోయేవాణ్ణి. పోయిన వానకాలం నాట్లప్పుడు అలాగే పోయి కొన్నాళ్ళు ఉన్నాను. నేను తిరిగి వచ్చిన వారానికి పొలంలో బోరు దగ్గర మోటారు నడిపే స్టార్టర్ డబ్బా, కాపరు వైరు పోయాయి. నాటు వేసిన మడి, నీళ్ళు లేవు. అన్న ఎంత తల్లడిల్లి ఉంటాడో నాకు తెలుసు.

మా వైపు పొలంలో సామాను పోతే ఠాణాకు పోయేవాళ్ళు తక్కువ. ముందు అంజనం వేయిస్తారు. తమలపాకు మీద కాటుక రాసి, దీపం ముందు పెట్టి, అందులోకి చూస్తూ దొంగ ఎవరో చెప్పే మనుషులు ఉంటారు. అన్న గాంధారి వైపు ఒకాయన దగ్గరికి పోయాడు. ఆయన ఆకులోకి చాలాసేపు చూసి, పేరు చెప్పలేదు. వాళ్ళు పేరు చెప్పరు, గుర్తులే చెబుతారు. నీళ్ళు దాటి వచ్చిన మనిషి అన్నాడట, ఇంట్లో అన్నం తిన్న మనిషి అన్నాడట. నీళ్ళు దాటి వచ్చినవాళ్ళు మా ఊళ్ళో ఒక బస్సుకు సరిపోతారు. ఇంట్లో అన్నం తిన్నవాడు అనేసరికి బస్సంతా దిగిపోయి నేనొక్కణ్ణే సీట్లో మిగిలాను.

ఈ సంగతి నాకు అన్న చెప్పలేదు, వదిన చెప్పలేదు. ఆటోలో పక్కన కూర్చున్న మా ఊరాయన ఒకాయన, నాకు ముందే తెలిసి నవ్వుతున్నాననుకుని మాట జార్చాడు. నేను పోయేది ఆ ఇంటికే. వదిన ఎప్పటిలాగే అన్నం పెట్టింది, కూర రెండోసారి వేసింది. అన్న వానల గురించి మాట్లాడాడు. కొత్త స్టార్టర్ ఎంతకు తెచ్చాడో, ఏ కంపెనీదో చెప్పలేదు. ఇదివరకైతే సైకిలు బెల్లు కొన్నా నాకు మోగించి చూపేవాడు. పొలం దాకా పోయొస్తానంటే, ఎండగా ఉన్నది, ఎందుకులే అన్నాడు. అది సాయంత్రం. మబ్బు పట్టి ఉంది.

ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి. నేను చేస్తే ఎత్తేవాడు, పనిలో ఉన్నానని పెట్టేసేవాడు. అక్కడ గోదాములో నన్ను దొంగా అని ముఖం మీదే అడిగారు, కాదని ముఖం మీదే చెప్పాను. ఇక్కడ అడిగే మనిషే లేడు. ఇక్కడి లెక్కల్లో దొంగతనమే జరగలేదు, అందుకని నేరం లేదు, దొంగా లేడు. శిక్ష ఒక్కటే నడుస్తోంది.

హోటల్లో మాత్రం అందరినీ నవ్విస్తూనే ఉన్నాను. నవ్వించేవాడికి ఒక సుఖం ఉంది, నీకేమైంది అని ఎవరూ అడగరు. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ ఖాళీ బెంచీలు తుడుస్తుంటే మాత్రం, నా మాటలు వినడానికి నేను ఒక్కణ్ణే మిగిలేవాణ్ణి. నా జోకులు నాకు ముందే తెలుసు.

చివరికి ఒకరోజు పోయి అన్నను నిలదీశాను. ఠాణాకు పోదాం, దర్ఖాస్తు ఇద్దాం, వాళ్ళు విచారించి ఎవరో తేలుస్తారు అన్నాను.

"ఠాణకు పోతే ఇంటి ఇజ్జత్ పోతది," అన్నాడు అన్న. "నిన్ను ఎవ్వలన్న ఏమన్న అన్నరా?"

"అనలే. అంటే మంచిగుండు. నేను దియ్యలేదని చెప్తుంటి."

అన్న పశువుల కొట్టం వైపు తిరిగాడు. వదిన గడప దగ్గర నిలబడి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నువ్వు రాకపోతే నేనే పోయి నా మీద నేనే దర్ఖాస్తు ఇస్తానన్నాను. నేను ఏది ఎగతాళికి అంటానో, ఏది చేస్తానో చిన్నప్పటినుంచి అన్నకు తెలుసు. లోపలికి పోయి చొక్కా వేసుకుని వచ్చాడు.

ఠాణాలో రాసే ఆయన కూర్చోమని కుర్చీలు చూపించాడు. అన్న కూర్చోలేదు, అందుకని నేనూ కూర్చోలేదు. ఏం పోయింది, ఎప్పుడు చూసుకున్నారు, పొలం ఏ దారిలో ఉంది, అన్నీ ఓపికగా అడిగి రాసుకున్నాడు. ఒక్కొక్క మాటా కాగితం మీదికి ఎక్కుతుంటే నాకు గుండె తేలికపడుతోంది. ఇక ఆ తమలపాకును ఎవరూ నమ్మరు, కాగితం వచ్చేసింది అనుకున్నాను. ఆఖరికి ఆయన, అనుమానం ఎవరి మీదనైనా ఉందా అని అడిగాడు.

అన్న గొంతు సవరించుకున్నాడు.

"మా తమ్ముని మీదనైతే లేదు సార్."

రాసే ఆయన పెన్ను ఆపి తల ఎత్తాడు. "నీ తమ్ముని గురించి నేను అడగలేదు గదనే," అన్నాడు.

ఫ్యాను తిరుగుతోంది. అన్న నేల చూస్తున్నాడు. అన్న ఆ మాట నన్ను కాపాడదామనే అన్నాడని నాకు తెలుసు, అది ఇంటి నుంచి ఠాణా దాకా మనసులో చదువుకుంటూ వచ్చి ఉంటాడు. నా నోటి దాకా ఒక జోకు వచ్చింది. వచ్చి, అక్కడి గాలి చూసి వెనక్కి పోయింది. రాసే ఆయన నా పేరు, ఫోన్ నంబరు, ఎక్కడ పని చేస్తానో అడిగాడు. అన్నీ చెప్పాను.

బయటకు వచ్చాక ఇద్దరం నిలబడి చాయ్ తాగాం. నేను చేసే చాయ్ ముందు అది గ్లాసులు కడిగిన నీళ్ళు. ఆ సంగతి కూడా అనలేదు. కామారెడ్డి పోయే ఆటో నిండుతోంది. ఇంటికి రమ్మంటాడేమో అని గ్లాసు ఖాళీ అయినా పట్టుకునే ఉన్నాను.

"దసరకు రా," అన్నాడు అన్న. "నేను ఫోన్ జేస్త."

మా ఇంట్లో పండుగకు ఫోన్ చేసి పిలిచేది చుట్టాలను. నన్ను ఎవరూ ఎప్పుడూ పిలవలేదు, నేను పోతే ఎప్పుడొచ్చినవని ఎవరూ అడగలేదు. సరే అని ఆటో ఎక్కాను.

పండుగ దగ్గర పడింది. హోటల్లో నేను ఫోన్ అంగీ జేబులో పెట్టుకుని చాయ్ పోస్తున్నాను. మోగిన ప్రతిసారీ చెయ్యి తుడుచుకుని తీశాను. ఎవరో లోన్ కావాలా అని అడిగారు, ఎవరో తప్పు నంబరు చేశారు. వాళ్ళతో కూడా రెండు మాటలు ఎక్కువే మాట్లాడాను. పండుగ ముందురోజు పొద్దున కొత్త నంబరు నుంచి వచ్చింది. ఠాణా నుంచి. ఎక్కడో కొన్ని స్టార్టర్ డబ్బాలు, వైర్లు దొరికాయట, అందులో మా అన్నవి ఉన్నాయేమో వచ్చి చూడాలట. అన్నకు చేస్తే ఫోన్ కలవడం లేదట.

"నువ్వు ఆయనకు ఏమైతవు?" అని అడిగాడు అవతలి ఆయన.

"తమ్ముణ్ణి సార్."

"అయితే నువ్వే చెప్పి పంపియ్యి."

స్టార్టర్ డబ్బాలన్నీ ఒక్క తీరుగానే ఉంటాయి. అన్న చూసి మాదే అంటాడో, మాది కాదు అంటాడో. మాదే అంటే అది ఎవరి దగ్గర దొరికిందో వాళ్ళు చెబుతారు, కాదంటే నేను ఉన్నచోటనే ఉంటాను. ఫోన్‌లో చెబితే సరిపోయే సంగతే. అన్నకు చేసి చూశాను, నాకూ కలవలేదు. కలవనందుకు సంతోషించాను. పొయ్యి ఇంకొకరికి అప్పజెప్పి, అంగీ మార్చుకుని, ఎల్లారెడ్డి ఆటోలో డ్రైవర్ పక్కన కూర్చున్నాను. వెనకంతా సంచులు, బంతిపూలు, ఇండ్లకు పోయే మనుషులు. నా ఒడిలో ఏమీ లేదు.

"పండుగకా అన్నా?" అని అడిగాడు డ్రైవర్.

"కాదు," అన్నాను. "కేసు పని మీద."