నలభై ఏడో సీసా

మా మేడం పోయారన్న కబురు మద్రాసులో షోళింగనల్లూరు సిగ్నల్ దగ్గర ఆఫీసు క్యాబ్‌లో ఉండగా తెలిసింది. ఫోన్ చేసింది ఆమె తమ్ముడు. "అక్క పొద్దున పోయిందిమా. నీకు చెప్పమని ముందే చెప్పి పెట్టింది," అన్నాడు. క్యాబ్ పక్కకు ఆపించి దిగిపోయాను. చూలైలో వాళ్ళింటికి ఆటో మాట్లాడుకుని, దారంతా ఏ పక్కకూ చూడకుండా కూర్చున్నాను.

ఆమె నా పీహెచ్‌డీ గైడు. మందు అణువు ఆకారానికీ, అది ఒంట్లో చేసే పనికీ ఉన్న సంబంధం తేల్చడం ఆమె పరిశోధన. ఒక అణువును తీసుకుని, దాని చివర ఓ చిన్న ముక్క మార్చేవాళ్ళం. మార్చినదాన్ని ఎలుకల మీద పరీక్షించేవాళ్ళం. ఒక మార్పుతో మందు బలం పెరిగేది, ఇంకో మార్పుతో ఎందుకూ పనికిరాని పొడి అయ్యేది. ఎందుకలా అయిందో గ్రాఫు గీసి వెతికేవాళ్ళం. మేం తయారు చేయాలనుకున్నది మూర్ఛకు మందు. ఆమె తమ్ముడికి చిన్నతనం నుంచీ ఫిట్స్. ఏ మాత్రకూ పూర్తిగా తగ్గలేదు. అది మా అందరికీ తెలుసు, ల్యాబ్‌లో ఎవరమూ ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు.

నేను ఒంగోలు నుంచి వచ్చిన పిల్లని. ఆమెది తరతరాలుగా మద్రాసులో ఉన్న తెలుగు కుటుంబం. చూలైలో వాళ్ళ నాన్నకు లేత్ వర్క్‌షాపు ఉండేది. "మరలో వెంట్రుకంత తేడా వస్తే బోల్టు ఎక్కదు. మా నాయన దగ్గర నేను నేర్చుకున్న కెమిస్ట్రీ అదే," అనేవారు. రోజూ చింపే క్యాలెండరు కాగితాల వెనక అణువుల బొమ్మలు గీసేవారు. ఎవరైనా సంతోషంగా గదిలోకి వస్తే తల ఎత్తకుండానే, "మంచి రిజల్టు వచ్చిందా? సరి, మళ్ళా చెయ్," అనేవారు. ఇంకో మాట కూడా తరచూ అనేవారు. "అణువుకి మన మీద ప్రేమా లేదు, పగా లేదు. దాని ఆకారం ఏం చెయ్యమంటే అదే చేస్తాది."

మా వరసలో నలభై ఏడో పదార్థం ఎలుకలకు ఫిట్స్ రాకుండా ఆపింది. గ్రాఫు మీద గీత తిన్నగా వచ్చింది. పేపరు రాశాం, పత్రిక వాళ్ళు ఒప్పుకున్నారు. అయితే ఆ పరీక్షలో రెండు ఎలుకలు చచ్చిపోయాయి. సూది తప్పుగా పడి ఉంటుందని నాకు నేనే చెప్పుకుని, వాటిని లెక్కలో చేర్చలేదు. మేడంకి చెప్పనూ లేదు. చెబితే మళ్ళీ మొదటినుంచి చేయమంటారని భయం. అంతకన్నా, ఆ గీత పాడవుతుందని.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం మేడం ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. తమ్ముడు వీధిలో ఫిట్స్ వచ్చి బోర్లా పడ్డాడు. ఆమెతో నేనూ వెళ్ళాను. ముందు పళ్ళు రెండు ఊడిపోయాయి, గడ్డం కింద కుట్లు వేశారు. అతను నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, మమ్మల్ని చూసి సిగ్గుపడ్డాడు.

తిరిగి ల్యాబ్‌కి రాగానే ఆమె బీరువా తెరిచారు. నలభై ఏడో సీసా తీసి, రుమాలులో చుట్టి, చేతిసంచిలో పెట్టుకున్నారు. ఏ తప్పుకూ లొంగని మనిషి. నా వైపు చూడకుండా, "ఇది ఈడ బీరువాలో ఉండాది. వాడు ఆడ పండ్లు రాలగొట్టుకుంటా ఉండాడు," అన్నారు.

"మేడం, ఇవ్వకండి. రెండు ఎలుకలు చచ్చిపోయాయి. నేను రాయలేదు," అన్నాను.

ఆమె సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టారు. "రెండేనా?" అని అడిగారు. రెండే అన్నాను.

పరీక్షంతా మళ్ళీ చేశాం. ఈసారి ఎలుకలను కోసి చూశాం. కాలేయాలు పాడైపోయి ఉన్నాయి. ఆమె పేపరు వెనక్కి తీసుకున్నారు. పత్రికకు పంపిన ఉత్తరంలో తప్పు తనదేనని రాశారు, నా పేరు ఎక్కడా లేదు. ప్రాజెక్టు ఆగిపోయింది. డిపార్ట్‌మెంటులో ఆమెకు రావలసిన హెడ్ పదవి ఇంకొకరికి పోయింది. ఏడాది పాటు నాతో పని మాట తప్ప వేరే మాట మాట్లాడలేదు.

కానీ నన్ను వెళ్ళగొట్టలేదు. నలభై ఏడులో ఏ ముక్క కాలేయాన్ని చెడగొట్టిందో కనిపెట్టించి, దాన్నే నా థీసిస్‌లో పెద్ద అధ్యాయం చేయించారు. "మందు కాలా. ఎందుకు కాలేదో అన్నా రాయాల. ఇంకొకరు ఇదే దారిలో వచ్చి పడకూడదు," అన్నారు. ఆమె రిటైరయ్యేదాకా ఆ వరసలో ఒక్క మందూ తయారు కాలేదు. తమ్ముడికి ఫిట్స్ తగ్గలేదు.

పోయినేడు ఆమెకు క్యాన్సర్ అని తేలింది. ఆసుపత్రిలో తనకు ఎక్కిస్తున్న మందు అణువు బొమ్మ గీసి చూపించమన్నారు. గీశాను. కళ్ళజోడు పెట్టుకుని చూశారు. "ఆకారం బాగుండాది. నా లోపల ఉండే దానికి సరిపోలా," అన్నారు.

ఆరోజు క్షమించమని అడిగాను. అన్నేళ్ళలో మొదటిసారి.

"ఆ పొద్దు నువ్వు చెప్పకుంటే వాడికి ఇచ్చేసుంటా," అన్నారు మెల్లగా. "నువ్వు చెప్పినావు. కానీ నేను సీసా సంచిలో పెట్టుకునేదాకా చెప్పలా. రెండూ నిజమేమా. రెండూ రాసుకో."

అందుకే ఇక్కడ రెండూ రాస్తున్నాను. ఇప్పుడు నేను చేసే ఉద్యోగం కూడా అణువుల ఆకారాలు చూసేదే, కంప్యూటరు మీద. గీతలో ఇమడని చుక్క కనిపిస్తే నా చెయ్యి దాని మీద ఆగిపోతుంది.

ఆమె పోయిన రోజు, శ్మశానానికి తీసుకెళ్ళాక ఇల్లు కడిగారు. ఆడవాళ్ళు చాపలు ఎత్తుతున్నారు, ఎవరో భోజనాల సంగతి మాట్లాడుతున్నారు. తమ్ముడు శ్మశానం నుంచి వచ్చి తల తడిగానే వంటగదిలో నిలబడి ఉన్నాడు. ఒక అరచేతిలో రోజూ వేసుకునే తెల్లటి ఫిట్స్ మాత్ర. ఇంకో చేతిలో గ్లాసు ఒరిగి, నీళ్ళు కొంచెం కొంచెంగా తడి నేల మీద పడుతున్నాయి. అతను మాత్ర వేసుకోలేదు, కింద పెట్టలేదు. అరచేతిలోకి చూస్తూ అట్లాగే నిలబడ్డాడు.