మొక్కింది మా ఆవిడ, ఎక్కాల్సింది నేను

నవ్వితే నవ్వారు గానీ, ముందు ఆ అరుగు మీద కాస్త చోటివ్వండి. నిలబడలేకుండా ఉన్నాను. మొహం ఇలా బూరెలా పొంగిందేమిటని అడుగుతారని తెలుసు. మొన్న సోమవారం కొండమీది శివుడి దగ్గరికి వెళ్ళానండి. వెళ్ళొచ్చాను అనడానికి మాత్రం లేదు. అదే కదా గొడవంతా.

అసలు దీనికంతటికీ మూలం మా కాంతం. పోయిన శ్రావణంలో నాకు కామెర్లొచ్చి మంచం పట్టానా, ఆవిడ బెదిరిపోయి మొక్కేసుకుంది. "స్వామీ, ఈయన లేచి తిరిగితే, కార్తీక సోమవారం నాడు ఉపవాసం ఉండి, బెల్లం దిమ్మ నెత్తిన పెట్టుకుని, కాలినడకన నీ కొండెక్కుతారు" అని. చూశారా? ఉపవాసం నాది, నెత్తి నాది, కాళ్ళు నావి. మొక్కు మాత్రం ఆవిడది. "నువ్వెక్కుతానని మొక్కుకోకూడదుటే?" అంటే, "జబ్బు మీకొచ్చిందా, నాకొచ్చిందా?" అంది.

నా సంగతి మీకు తెలుసుగా. పొద్దస్తమానం బెల్లం కొట్లో పరుపు మీద కూర్చునేవాణ్ణి. పుట్టి బుద్ధెరిగాక నేనెక్కిన ఎత్తల్లా గోదావరి గట్టు. అదీ మధ్యలో ఒకసారి ఆగి.

సరే, మా వీధివాళ్ళం కొంతమందిమి కలిసి పోలయ్య పడవ మాట్లాడుకుని ఎగువకి బయల్దేరాం. స్టీమరుకి పోదామంటే అది ఆ రేవులో ఆగదట. సోమవారం తెల్లారేసరికి కొండ కింద దింపాడు. దింపుతూనే పోలయ్య గట్టిగా చెప్పాడు. "శెట్టిగారూ, పొద్దు గూకేలోగా వచ్చెయ్యాలండి. ఇక్కడ సుడులున్నాయి, చీకట్లో పడవ నడపను. రాత్రికి ఈ ఒడ్డున ఉండను కూడా ఉండను. పులి నీళ్ళకొస్తదండి." పులి మాట వినగానే మా కాంతానికి కాలు బెణికింది. పడవలోనే ఉండిపోయింది. అంతకుముందు దాకా ఆ కాలు బాగానే ఉందండి.

ఇంక బయల్దేరాం. నెత్తిన తలగుడ్డ, దాని మీద బెల్లం దిమ్మ. దారికి రెండు వైపులా వెదుళ్ళు, టేకు చెట్లు. ఆకాశం ఎక్కడుందో తెలియదు. ఉక్క మాత్రం ఉంది.

ఇప్పుడు మా ఇంటి పట్టింపొకటి చెప్పాలి. బయల్దేరినవాణ్ణి 'ఎక్కడికి' అని అడగకూడదు. అడిగితే పని చెడుతుంది. అడిగించుకున్నవాడు కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ కొత్తగా బయల్దేరాలి. మా తాతగారు కోర్టు వాయిదాకి వెళుతుంటే వీధి చివర ఎవడో అడిగాడని ఇంటికొచ్చి కూర్చున్నారు. వాయిదా పోయింది, పొలం పోయింది. పట్టింపు మాత్రం పోలేదు. మనవాళ్ళందరికీ ఇది తెలుసు కనక, మరీ ఉండబట్టలేకపోతే "దూరమా?" అని ఊరుకుంటారు.

కొండవాళ్ళకి ఆ గొడవేం లేదండి. మనం 'బాగున్నారా' అన్నట్టు వాళ్ళు 'ఎక్కడికి' అంటారు. విస్తళ్ళు కుట్టే అడ్డాకుల మోపుతో ఒకావిడ ఎదురొచ్చి, చక్కగా నవ్వి, "ఎక్కడికయ్యా?" అంది. నేను గతుక్కుమని అక్కడే రాయి మీద కూలబడ్డాను. మంచినీళ్ళు తాగి లేచాను. ఇంకాస్త ఎక్కామో లేదో తేనె కుండలతో ఇద్దరు. "ఎక్కడికి?" మళ్ళీ కూర్చున్నాను. తరవాత మేకలు తోలుకుంటూ ఒక ముసలాయన. మేకలు అడగలేదు గానీ ఆయన అడిగాడు.

"దేవుడి దగ్గరికి వెళుతూ ఇదేం పట్టింపండీ?" అని మావాళ్ళు విసుక్కున్నారు. "దారి ఒకటేలెండి, మీరు కూర్చోవడం అయ్యాక నిదానంగా రండి" అని వెళ్ళిపోయారు.

ఒకటే అన్న దారి కాస్త పైకెళ్ళేసరికి రెండైంది. ఆ చీలిక దగ్గర గొడ్డలి పక్కన పెట్టుకుని ఒకతను చుట్ట కాల్చుకుంటున్నాడు. నన్ను చూసి చుట్ట తీశాడు. నోరు తెరిచాడు. "ఎక్క..." అన్నాడో లేదో, నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకోసారి కూర్చుంటే పొద్దు కాస్తా గూకుతుంది. ఒక చెయ్యి బెల్లం మీద ఉందాయె, రెండో చేతి వేలు ఒక చెవిలో పెట్టాను. ఇంకో చెవిని భుజానికేసి నొక్కాను. అలా మెడ వంకర పెట్టుకుని, మొహం ఎటుంటే అటు పరుగు. అతను లేచి చేతులూపుతూ ఏదో అరిచాడు. వినపడలేదు కదా అని ఎంత సంతోషించానో.

ఆ దారి కాస్త దూరం పోయి పొదల్లో కలిసిపోయింది. వెనక్కి తిరిగితే వెనక దారీ కనపడలేదు. ఈలోగా నెత్తి మీద పని మొదలైంది. మా సరుకు నోట్లో వేసుకుంటే కరిగిపోతుందని నేనే కదండీ అందరికీ చెప్పేది. నెత్తి మీద పెట్టుకున్నా కరుగుతుందని అప్పుడు తెలిసింది. చెమటతో కలిసి చెవుల మీదికి, మీసాల మీదికి పాకం కారింది. కడుపులో ముందురోజు నుంచి ఏమీ లేదు. దేవుడి సొమ్ము, నాకకూడదు. నేను నాకలేదండి. ఆయాసానికి నోరు తెరిచాను. అప్పుడు లోపలికి ఏం పోయిందో నాకు తెలియదు.

చీమలకి ఉపవాసం లేదు కదా. కొమ్మల మీంచి ఎర్రచీమలు దిగాయి. నేను ఆ వెదుళ్ళ మధ్య ఆడిన ఆట మా వంశంలో ఎవరూ ఆడి ఉండరు. ఆ ఆటకి చుట్టుపక్కల కోతులన్నీ వచ్చి కూర్చున్నాయి. వాటిలో పెద్దది తీరుబడిగా దిగి, నెత్తి మీది దిమ్మ తలగుడ్డతో సహా తీసుకుని, పక్కకెళ్ళి అందరికీ పంచింది. వాటా దొరకని కోతి ఒకటి నా భుజమెక్కి, జుట్టు పట్టుకుని చెవి నాకడం మొదలెట్టింది. సూరయ్యగారూ, మీరు మరీ అంత నవ్వకండి. నేను కళ్ళు మూసుకుని శివా శివా అంటుంటే అది రెండో చెవి కూడా పూర్తి చేసుకుని వెళ్ళింది.

అవి వెళ్ళాక చూస్తే ఎండ చెట్ల చివరికి పోయింది. బెల్లం లేదు, దారి లేదు, మనిషి లేడు. అప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చిందండి. పడవ వెళ్ళిపోతే ఇక్కడే పోతాను, కాంతం ఒక్కతే ఇంటికెళుతుంది అనుకున్నాను. అంతలో ఎక్కడో కింద నుంచి "శెట్టిగారో" అని పోలయ్య కేక. అటు ఒక అడుగు వేశాను. మిగతావి వెయ్యలేదు. ఎండుటాకుల మీద కూర్చున్న భంగిమలోనే జారుకుంటూ వెళ్ళి ఇసకలో పడ్డాను.

అందరూ అక్కడే ఉన్నారు. మావాళ్ళు నుదుటిన విభూతితో, ప్రసాదాలతో, శుభ్రంగా. ఆ గొడ్డలి మనిషి కూడా ఉన్నాడు. "అది ఎలుగ్గొడ్లు తిరిగే దారి, పోవద్దని చెప్పబోతే చెవులు మూసుకుని పారిపోయాడు" అని పడవలో వాళ్ళకి చెప్పడానికి పాపం కొండ దిగి వచ్చాడట. కాంతం మొదట, పాకానికి ఎండుటాకులంటుకున్న నన్ను చూసి ఎలుగుబంటి అనుకుని కేకేసింది. తరవాత పోల్చుకుని పడవలోంచి దూకి పరుగెత్తుకొచ్చింది. బెణికిన కాలుతోనే.

"మొక్కు తీరిందా?" అంది ఏడుస్తూ.

"కోతులు తీర్చుకున్నాయి."

"పోనీలెండి, మీరొచ్చారు, అదే చాలు. స్వామి నా మాట విన్నాడు."

"ఏం మాట?"

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మీరు ప్రాణాలతో వస్తే మళ్ళీ కొండెక్కుతారని మొక్కానండి. ఈసారి రెండు దిమ్మలతో."

పోలయ్య గోదావరి వైపు తిరిగి దగ్గాడు. నేను నెమ్మదిగానే చెప్పాను. "కాంతం, పాతది ఇంకా తీరలేదే. ఇప్పుడు నేను రెండుసార్లెక్కాలి."

"అయ్యో, నిజమే" అంది. కొండకేసి తిరిగి, కళ్ళు మూసుకుని, రెండు చేతులూ జోడించింది. "స్వామీ, ఈ రెండు మొక్కులూ ఈయన చేత సవ్యంగా తీర్పిస్తే..."

నలుగురిలో మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టడం నాకదే మొదలండి. పాకం చెయ్యి, అంటుకుపోయింది. ఆ కొండ కనుమరుగయ్యేదాకా నేనూ తియ్యలేదు.